ముప్పై ఏడు తప్పులు

తప్పులు పట్టడం నా ఉద్యోగం. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఎవరో నెలల తరబడి కష్టపడి రాసిన ప్రోగ్రామ్ నా చేతికి వస్తుంది. అది ఎక్కడెక్కడ దెబ్బతింటుందో కనిపెట్టి, ఒక్కో తప్పుకీ ఒక నంబరు, ఎంత పెద్ద తప్పో చెప్పే ఒక గ్రేడు వేసి వెనక్కి పంపుతాను. రాసినవాళ్ళ ముఖం చూడాల్సిన అవసరం రాదు. ఈ పనిలో నాకు మంచి పేరుంది. ఆ పేరుని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావలసింది, కానీ మా సాహిత్య సమావేశానికి కూడా దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని.

నెలకోసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ కింది అంతస్తులో ఒక గది తీసుకుని ఇరవై మందిమి కూర్చుంటాం. ఎవరో ఒకరు తాము రాసింది చదువుతారు, మిగతావాళ్ళు అభిప్రాయం చెబుతారు. నేను చేరకముందు అందరూ "చాలా బాగుందండీ" అని సమోసాల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళట. నేను చేరాక అది సాగలేదు. ఒకాయన ప్రతి చలికాలం మంచు మీద కవిత రాసుకొచ్చేవాడు. "మీ ఇంటి ముందు మంచు ఎవరు తీస్తారండీ?" అని అడిగాను. "మా కాంప్లెక్స్ వాళ్ళే తీస్తారు" అన్నాడు. "అందుకే మీకది అంత అందంగా ఉంది" అన్నాను. గది గొల్లుమంది. ఆయన మళ్ళీ ఆ గదిలోకి రాలేదు.

సమావేశాలు నడిపే కరీంనగర్ ఆయన ఆ రోజు నన్ను పక్కకి పిలిచాడు. మందలిస్తాడనుకున్నాను.

"మేడమ్, ఏమనుకోకండి గని, మీరు మాట్లాడ్తరంటేనే సగం మంది వస్తున్నరు" అన్నాడు.

ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. ఆ వారమంతా దాన్ని తలుచుకుని కార్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మాస్టారు వచ్చింది ఆ తర్వాతే. మా ఎదురు బిల్డింగ్‌లో ఉండే అమ్మాయికి తండ్రి. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చాడు. డెబ్భై ఆరేళ్ళుంటాయి. కృష్ణా జిల్లాలో కాలవ గట్టు మీది చిన్న ఊరు. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యాడు. అల్లుడి జాకెట్ వేసుకుని తిరిగేవాడు, చేతులు పొడవైపోయి వేళ్ళు మాత్రమే కనిపించేవి. మనిషిని చూస్తే నాకు కొంచెం నవ్వొచ్చేది.

ఆయన తన జీవితమంతా ఒకే ఒక్క రచయితని పట్టుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్. మేముండే చోటికి గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో పుట్టి, అక్కడే బతికి, అక్కడే పోయాడు. పేరు రాయను, జరిగినదాంట్లో ఆయన పాత్ర ఏమీ లేదు. ఆయన రాసిన ఒక పెద్ద నవలని ఇక్కడి హైస్కూళ్ళలో పిల్లలచేత బలవంతాన చదివిస్తారు, పిల్లలు జన్మలో మళ్ళీ ఆయన జోలికి పోరు. ఇంటి ఖర్చుల కోసం వారపత్రికలకి రాసిన ఇరవై నాలుగు కథలు కూడా ఉన్నాయి. వాటిని ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. మాస్టారు ఆ ఇరవై నాలుగింటినీ తెలుగు చేశాడు. ఆయన తిరిగి వెళ్ళేలోపు మా సమావేశం తరఫున పుస్తకం తెచ్చి, ఇక్కడే, ఆ రచయిత తిరిగిన నేల మీదే ఆవిష్కరించాలని అనుకున్నాం. గుండెకి రెండు స్టెంట్లు వేసుకున్న మనిషి. "ఇంకోసారి ఇంత దూరం రాలేనమ్మా, ఏదైనా ఇప్పుడే" అని నాతో అన్నాడు.

పుస్తకానికి పేరు పెట్టిన కథ లాకుల కాపలాదారు కథ. ఇంటర్మీడియెట్ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంగ్లీషుకి నాన్-డిటెయిల్డ్ అని ఒక పల్చటి కథల పుస్తకం ఉండేది. ఆ కథ ఒకప్పుడు అందులో ఉండేది. మాస్టారు దాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పాడు. సిలబస్ మారి పుస్తకం పోయినా ఆయన దాన్ని వదల్లేదు. మిగతా కథలన్నీ సంపుటంలోంచి అనువదించాడు గానీ, ఈ ఒక్క కథకి తన నాన్-డిటెయిల్డ్ పుస్తకాన్నే ముందు పెట్టుకున్నాడు. అట్టలు ఊడిపోతే బౌండు చేయించుకున్న ఆ పుస్తకాన్ని సూట్‌కేసులో ఇక్కడికి కూడా తెచ్చుకున్నాడు.

కథ చిన్నదే. చలికాలం. కాలవ మీద పడవలు దాటే లాకులు కాసే మనిషి ఒకడు. పొద్దు కుంగాక లాకు తలుపులు తెరవకూడదని కంపెనీ రూలు. ఇరవై ఏళ్ళలో అతను ఆ రూలు ఒక్కసారీ తప్పలేదు. ఒక సాయంత్రం చీకటి పడ్డాక ఒక పడవ వచ్చి ఆగుతుంది. జబ్బు మనిషి ఉన్నాడు, పట్నం తీసుకెళ్ళాలి, తలుపు తియ్యమని పడవలోంచి కేక. ఆ జబ్బు మనిషి తను ఎప్పుడో ఇంట్లోంచి వెళ్ళగొట్టిన కొడుకేనని కాపలాదారుకి తెలియదు. మాస్టారి తెలుగులో, అతను చాలాసేపు కదలకుండా కూర్చుని, చివరికి లేచి, లాంతరు పట్టుకెళ్ళి తలుపు దూలం మీద పెట్టి, తలుపులు తెరుస్తాడు. పడవ వెళ్ళిపోతుంది. లోపలున్నదెవరో అతను చూడడు. తెల్లారేసరికి ఉద్యోగం పోతుంది.

రెండు వారాల ముందే మా నిర్వాహకుడు నాకు ఆ కథ ఫైల్ పంపాడు. నేను లైబ్రరీ నుంచి ఆ రచయిత కథల సంపూర్ణ సంపుటం తెచ్చుకున్నాను. ఆఫీసులో చేసినట్టే చేశాను. ఎడమవైపు ఇంగ్లీషు వాక్యం, కుడివైపు మాస్టారి వాక్యం, మూడో గడిలో తప్పు, నాలుగో గడిలో దాని గ్రేడు. ముగింపుకొచ్చేసరికి అన్నింటికంటే పెద్ద తప్పు దొరికింది. సంపుటంలో తలుపు తెరుచుకోదు. కాపలాదారు లోపలే కూర్చుంటాడు. తెల్లవారేసరికి పడవ అక్కడే, చప్పుడు లేకుండా ఉంటుంది. రూలు తప్పనందుకు కంపెనీ అతన్ని మెచ్చుకుంటుంది. లాంతరు అన్న మాటే లేదు. మొత్తం ముప్పై ఏడు తప్పులు లెక్క తేలాయి. ఆనందం పట్టలేక లేచి టీ పెట్టుకున్నాను.

ఆఫీసులో ఏ పని మొదలుపెట్టినా నేను అడిగే మొదటి ప్రశ్న, ఇది ఏ వెర్షన్ అని. అది అడక్కుండా టెస్టింగ్ చేసే కుర్రాళ్ళని నిలబెట్టి కడిగేస్తాను. ఇక్కడ మాత్రం ఆ ప్రశ్న అడగాలని నాకు తట్టలేదు.

ఆ ఆదివారం నా జాబితాని ఇరవై కాపీలు తీయించుకుని వెళ్ళాను. మాస్టారు కథ చదివాడు. బాగా చదివాడు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నేను లేచి అందరికీ తలా ఒక కాపీ పంచాను. ఆయనకీ ఒకటి ఇచ్చాను. పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుని, కళ్ళజోడు మార్చుకున్నాడు.

ఒకటో తప్పు నుంచి మొదలుపెట్టాను. ముందు చిన్నవి చదివి, గదిని నవ్వించి, ముప్పై ఏడోదాన్ని చివరికి దాచుకున్నాను.

"మాస్టారూ, మీ కథలో కాపలాదారు తలుపు తెరిచాడు. అసలు కథలో తెరవడు. ఆ తెరవకపోవడమే కథ. పదిహేడేళ్ళ పిల్లలు ఏడుస్తారని మన టెక్స్ట్‌బుక్ వాళ్ళు తెరిపించారు. మీరు నమ్మేశారు."

ఆయన జాబితాలో ఆ వరుస వెతుక్కుని చదువుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"మా నాన్నగారు లాకుల మీదే పనిచేశారమ్మా. చిన్నప్పుడు నేనూ అక్కడే పడుకునేవాణ్ణి. అవతల మనిషి పిలుస్తుంటే తలుపు వేసుకుని కూర్చోవడం అంత తేలిక కాదమ్మా. ఈ రచయితకి అది తెలుసని..."

"మీ నాన్నగారి కథ మీరు వేరే రాసుకోండి మాస్టారూ. ఇది ఆయన కథ."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఊపొచ్చింది.

"ఇంకోటి చెప్పనా? మీరు ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పింది ఈ రచయితని కాదు, సిలబస్ కమిటీని."

గది పగిలిపోయేలా నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా. వెనక వరుసలో కూర్చున్న ఆయన కూతురు మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి తండ్రికి జాకెట్ తొడిగింది. ఆ రోజు సమోసాల ప్లేట్లతో నలుగురు దగ్గరికొచ్చి నన్ను మెచ్చుకున్నారు, ఎవరెవరో గుర్తులేదు.

బుధవారం సాయంత్రం ఆ అమ్మాయి మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, నాన్న ఆ పేపర్ పట్టుకునే కూర్చుంటున్నారు. సరిగ్గా తినట్లేదు. బుక్ రిలీజ్ క్యాన్సిల్ చేసేయమంటున్నారు. నువ్వొక్కసారి వచ్చి, ఫర్వాలేదు మాస్టారూ అని చెప్పొచ్చు కదా?"

"తప్పుని ఫర్వాలేదని ఎలా చెప్పమంటావ్? కరెక్ట్ చేసుకోమను. ఇంకా టూ వీక్స్ టైముంది."

"నీకు ఒక్క మాటే కదక్కా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శనివారం మాస్టారే వచ్చాడు, రెండు వందల పేజీల రూళ్ళ నోట్‌బుక్ పట్టుకుని. సోఫా అంచున కూర్చున్నాడు.

"మూసేశానమ్మా" అన్నాడు.

ముగింపు మళ్ళీ రాశాడు. చదివాను. చాలా బాగా రాశాడు. ఆ పడవ చప్పుడు లేకుండా ఉండటం గురించి రాసిన నాలుగు వాక్యాలు ఇంగ్లీషులోకంటే తెలుగులోనే బాగున్నాయి. ఆ మాట ఆయనతో అనలేదు. "ఇప్పుడు కరెక్ట్‌గా ఉంది" అన్నాను. అంతలో లాంతరు కనిపించింది.

"మళ్ళీ ఇదేంటి మాస్టారూ?"

"తలుపు తియ్యడు కదమ్మా. లాంతరైనా వెలిగించి దూలం మీద పెడితే... అవతలివాళ్ళకి మనిషున్నాడని తెలుస్తుందని. అదొక్కటీ ఉంచుకోనా?"

"ఒరిజినల్లో లేదు."

ఆయన జేబులోంచి చిన్న స్కేలు తీశాడు. లెక్చరర్లు మార్కుల రిజిస్టర్లో గీసినట్టు, స్కేలు పెట్టి, ఆ వాక్యం మీద తిన్నగా ఒక గీత గీశాడు. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"ఆ రచయిత ఇల్లు మ్యూజియం చేశారటగా. శని ఆదివారాలే తీస్తారట. అమ్మాయికీ అల్లుడికీ వీకెండ్ కూడా ఆన్‌కాల్ డ్యూటీలు. నువ్వు ఎప్పుడైనా అటు వెళ్తే..."

"వచ్చే శనివారం తీసుకెళ్తాను మాస్టారూ."

ఆ శనివారం నాకు బద్ధకమేసింది. ఆ పై శనివారం మంచు పడింది, రోడ్లు బాగాలేవని చెప్పాను. ఇంకో శనివారం ఆయనకి లేదు.

పుస్తకం ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్ మీద ఒక రెస్టారెంట్ పై హాల్లో విడుదలయింది. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. ముందుమాటలో మాస్టారు నా గురించి రెండు వాక్యాలు రాశాడు. "పాఠ్యపుస్తకంలోని తప్పుడు ప్రతిని నమ్మి జీవితమంతా నేను చేసిన పొరపాటును పట్టుకుని, మూల రచయితకు న్యాయం చేసిన విదుషీమణికి నమస్కారం. ఆమె లేకపోతే ఈ పుస్తకం అబద్ధమై ఉండేది." అప్పుడే కంఠతా వచ్చేశాయి. నాలుగు రోజుల తర్వాత ఆయన వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకి నేను వెళ్ళలేదు.

ఆ రెండు వాక్యాలు నాకు బాగా పనికొచ్చాయి. ఆ రచయిత మీద తెలుగులో ఎవరేం రాసినా ముందు నాకు పంపేవాళ్ళు. వెబ్ పత్రికలో వ్యాసం రాశాను, ఒక అనువాదకుడు పాఠ్యపుస్తకాన్ని నమ్మి ఎలా మోసపోతాడో ఉదాహరణతో సహా. ఆ ఉదాహరణలో మాస్టారి పేరు వెయ్యలేదు. అది నా పెద్దమనసని అనుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత ఆ మ్యూజియం నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నా వ్యాసం గురించి ఎవరో చెప్పారట. ఆ రచయిత కథలు ఇతర భాషల్లోకి వెళ్ళినవన్నీ వాళ్ళు ఒక అలమారలో పెడుతున్నారు, తెలుగు పుస్తకం ఒకటి ఇవ్వగలరా అని. పోస్టులో పంపొచ్చు. నేను పట్టుచీర కట్టుకుని స్వయంగా బయల్దేరాను.

చెక్క ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. పార్కింగ్‌లో నా కారొక్కటే ఉంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ వాలంటీర్‌గా కూర్చుని ఉంది. పుస్తకం తీసుకుని అట్ట నిమిరి, తనకి అర్థంకాని అక్షరాలని ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు చూసింది. తర్వాత సొరుగులోంచి ఒక కార్డు తీసి, కలం పట్టుకుని అడిగింది.

"లాకుల కథకి మీ అనువాదకుడు ఏ ముగింపు తీసుకున్నారు?"

"ఏ ముగింపు అంటే?" అన్నాను.

ఆవిడ నన్ను లోపలి గదికి తీసుకెళ్ళింది. గాజుపెట్టెలో ఒక పాత వారపత్రిక తెరిచి ఉంది. కథ మొదట అచ్చయింది అందులోనట. అద్దం మీదికి వంగి చదివాను. అక్షరాలు సన్నగా ఉన్నాయి. కాపలాదారు చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. లేచాడు. లాంతరు పట్టుకెళ్ళి తలుపు దూలం మీద పెట్టాడు.

"మొదట తెరిచాడు. తర్వాత రచయిత కొడుకు పోయాడు. ఎంతో కాలానికి కథలన్నీ పుస్తకంగా వేసినప్పుడు ఆ తలుపు మూసేశాడు. సంపుటాలన్నింటిలో ఉన్నది ఆ మూసేసినదే. ఈ మొదటిది అప్పట్లో మిషనరీ బళ్ళ రీడర్లలోకి మాత్రం వెళ్ళింది. మీ దేశం కూడా వెళ్ళే ఉంటుంది" అందావిడ.

నేను అద్దం మీంచి లేవలేదు.

"మా అలమారలో తొమ్మిది భాషలున్నాయి. అన్నింట్లోనూ మూసేసిన కథే. ఎవరైనా మొదటిది తెచ్చిస్తారేమోనని నాకో ఆశ. మీది?"

"మూసేసిందే" అన్నాను.

ఆవిడ కార్డు మీద రాసుకుంది. నాకు ఒక ఫోటోకాపీ ఇచ్చి, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టమంది. పెట్టాను.

ఇంటికొచ్చి ఆ ఫోటోకాపీని, మాస్టారి మొదటి ఫైల్‌ని మళ్ళీ ఎడమా కుడీ పెట్టి చూశాను. ముప్పై ఏడులో నాలుగు మిగిలాయి. నాలుగూ కామాల్లాంటివే. నాకు నా మీద అసహ్యం వేసింది. అసహ్యంకంటే ముందు భయం వేసింది, ఈ సంగతి ఇంకెవరికైనా తెలుస్తుందేమోనని. ఏది ముందు వచ్చిందో దాచకుండా రాస్తున్నాను.

మర్నాడు ఆదివారం పొద్దున్న మాస్టారికి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. చెప్పెయ్యాలనే చేశాను. రెండో ముద్రణ వెయ్యొచ్చు, తలుపు మళ్ళీ తెరవొచ్చు, లాంతరు వెనక్కి పెట్టొచ్చు. ఏ మాటతో మొదలుపెట్టాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

"ఎవరూ? అమ్మా నువ్వా!" అన్నాడు. టీవీ గొంతు తగ్గింది. ఆయాసం వినిపిస్తోంది. "బాగున్నావా అమ్మా? పిల్లలు బాగున్నారా?"

"బాగున్నాం మాస్టారూ. నేను నిన్న ఆ రచయిత ఇంటికి వెళ్ళాను."

"వెళ్ళావా! ఎలా ఉందమ్మా? వంటింట్లోనే రాసుకునేవాడట కదా, బల్ల ఉందా ఇంకా?"

"ఉంది. మన పుస్తకం అక్కడ అలమారలో పెట్టారు."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన గొంతు చాలా చిన్నదైపోయింది.

"పెట్టేముందు చూశారా అమ్మా వాళ్ళు? ఇంకేమైనా తప్పు దొరికిందా?"

కాగితం నా చేతిలోనే ఉంది.

"లేదు మాస్టారూ" అన్నాను. "ఏ తప్పూ లేదు."

ఆయన ఫోన్ పక్కకి తిప్పి, లోపల ఉన్న భార్యకి వినపడేలా కేకేశాడు. "ఏమేవ్! అమెరికాలో చూశారట! ఒక్క తప్పు కూడా లేదట!" ఆ తర్వాత నాకు కృతజ్ఞత చెప్పడం మొదలుపెట్టాడు. నువ్వు లేకపోతే అక్కడ వాళ్ళ ముందు పరువు పోయేదమ్మా అన్నాడు. ఆయాసపడుతూనే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. నేను ఆపలేదు.

ఆ పెద్దాయన సంతోషం పాడుచెయ్యలేక ఊరుకున్నానని రాస్తే బాగుంటుంది, చదివేవాళ్ళు కూడా నమ్ముతారు. కానీ అది నిజం కాదు. ముందుమాటలో నా గురించి రెండు వాక్యాలున్నాయి. రెండో ముద్రణ వస్తే అవి తీసేస్తారు.